చెయ్యి దించినప్పుడు చెప్పే మాట

పొద్దున్నే మా అమ్మ నాకు జడ వేస్తుంది. ఆమెకు డెబ్బై దాటాయి, నాకు నలభై మూడు. చూసినవాళ్ళు ముచ్చటపడతారు, ఈ వయసులో కూడా ఎంత గారాబమో అని. గారాబమూ కాదు, పాడూ కాదు. నా కుడిచెయ్యి తల వెనక్కి పోదు. పోయినా బొటనవేలు జుట్టుపాయను పట్టుకోదు, దువ్వెన జారి కింద పడుతుంది. మొదటిసారి పడినప్పుడు అమ్మ దాన్ని తీసి తుడిచి, నా వెనక పీట వేసుకుని కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఎన్నో ఎండాకాలాలు తునికాకు కట్టిన చేతులు ఆమెవి. మాది మణుగూరు దాటాక అడవి అంచున ఉన్న ఊరు. ఎండాకాలంలో ఆడవాళ్ళు పొద్దున్నే అడవికి పోయి, బీడీలు చుట్టడానికి పనికొచ్చే ఆ ఆకు తెంపుకొచ్చేవారు. మధ్యాహ్నం మా పందిరి కింద పదిమంది చేరి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున నారతో కట్టేవారు. కొన్ని కట్టలు కాగానే ఒక్కొక్కరూ చేతిలో ఉన్నది కింద పెట్టి, "చెయ్యి దించిన" అని పైకి చెప్పి లేచేవారు. వేళ్ళు విదిలించి, నీళ్ళు తాగి, నాలుగడుగులు వేసి మళ్ళీ కూర్చునేవారు. చెప్పకుండా దించకూడదు. చెప్పకుండా దించితే ఆకు పాడైందని లెక్క. పక్కామె ఆ కట్ట తీసి అవతల పారేసేది.

"చెయ్యి గూడ మనిషేనే. దానికి జెర ఊపిరి ఇయ్యాలె" అనేది అమ్మ. నాకు టెన్త్ చదువుతున్న గర్వం. పనిదొంగలంతా ఒకచోట చేరారని వెక్కిరించేదాన్ని.

తర్వాత ఖమ్మంలో టైపు నేర్చుకున్నాను. అక్కడ మాస్టారిది ఒకటే పోరు. మోచేతులు పక్కలకు ఉండాలి, మణికట్టు వంగకూడదు, నడుం వాల్చకూడదు. టైపు మిషన్ మీద వరుస అయితే మీట లాగాలి, పేజీ అయితే కాగితం మార్చాలి. ఆ కాస్తలోనే చేతికి సెలవు దొరికేది. కంప్యూటరుకు మార్చడానికి కాగితమేముంది? భద్రాచలంలో ఒక ఆఫీసులో కాంట్రాక్టు ఆపరేటరుగా చేరాక, పొద్దున కీబోర్డు మీద వేళ్ళు పెడితే మళ్ళీ అన్నానికే తీయడం. బల్ల ఫైళ్ళ కోసం చేయించింది, బాగా ఎత్తు. కుర్చీ ప్లాస్టిక్‌ది, పొట్టి. భుజాలు చెవుల దాకా ఎత్తుకుని, బల్ల అంచు మణికట్టులో దిగుతుంటే అలాగే కొట్టేదాన్ని. కుర్చీలో రెండు పాత ఫైళ్ళ కట్టలు వేసుకున్నా సగం బాధ తీరేది. వేసుకోలేదు. "మిషన్ లెక్క కొడ్తది మా మేడం" అని అటెండరు అంటే పొంగిపోయేదాన్ని. పొగడ్తకు పడిపోయే బుద్ధి నాది.

మూడో ఏడు వేళ్ళకు తిమ్మిరి మొదలైంది. దవాఖానాలో డాక్టరమ్మ నా చెయ్యి అటూ ఇటూ వంచి చూసింది. అరగంటకోసారి పని ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఒక నిమిషం కూర్చోమంది. ఇప్పుడు జాగ్రత్త పడితే తగ్గిపోతుంది, లేకపోతే ఉండిపోతుంది అంది. భయమేసి చెప్పినట్టే చేశాను. నెల తిరిగేసరికి తిమ్మిరి తగ్గుముఖం పట్టింది కూడా.

అప్పుడే పోడు పట్టాల దరఖాస్తులు వచ్చాయి. అడవిలో సాగు చేసుకుంటున్న భూమికి హక్కు కాగితం ఇస్తారంటే ఊళ్ళకు ఊళ్ళు కదిలొచ్చాయి. ఆఖరి తేదీకి ముందురోజు ఒక ముసలామె నా బల్ల దగ్గరకు వచ్చింది. గుట్టల అవతలి కోయ ఊరు ఆమెది. తెలుగు రాదు. రెండెకరాల పోడుకు సంబంధించిన కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చింది. కవరు బల్ల మీద పెట్టి, నా పక్కనే నిలబడి నా వేళ్ళనే చూస్తోంది. సగం ఫారం కొట్టేసరికి మణికట్టు నుంచి మోచేతి దాకా మంట పాకింది. గడియారం చూస్తే అరగంట దాటింది. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఒక్క నిమిషం. కళ్ళు తెరిచేసరికి ఆమె లేదు, బల్ల మీద కవరూ లేదు.

మంచినీళ్ళకు వెళ్ళిందేమో అనుకున్నాను. లైను తోసుకొస్తోంది, వెనకాయనది మొదలుపెట్టాను. ఆమె వేలిముద్ర వేయనిదే ఆ దరఖాస్తు ముందుకు పోదు. సాయంత్రం దాకా చూశాను. ఆమె రాలేదు.

మర్నాడు ఆ ఊరి మనిషి ఒకతను వేరే పని మీద వస్తే అడిగాను.

"మీరు కొట్టుడు ఆపి చేతులు ఒళ్ల పెట్టుకున్నరంట గద మేడం. మొఖం గూడ చూడలేదంట. ఇగ కాదన్నట్టే అనుకున్నది, కాగితాలు పట్టుకొని ఇంటికి వచ్చింది."

"అయ్యో, కాదనలేదన్నా. ఇయ్యాల్నే ఆఖరు. ఫోన్ చేసి పిలువు."

"ఆడ సిగ్నల్ ఏడుంది మేడం?" అన్నాడు. అప్పటికే మధ్యాహ్నం దాటింది. అతను పోయి తీసుకొచ్చే దూరం కాదు.

ఆమె తప్పేముంది? ఆమె బతుకులో ఏ బల్ల దగ్గరైనా రాసే చెయ్యి ఆగిందంటే కాగితం తిరిగి చేతికొచ్చినట్టే. తప్పంతా నాది. జాబితా వచ్చినప్పుడు ఆమె పేరు కోసం రెండుసార్లు వెతికాను, ఉండదని తెలిసీ. ఒకసారి ఆ ఊరికి పోదామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని పోను? రెండేళ్ళకు ఆమె పోయిందని అదే మనిషి చెప్పాడు. ఆ రెండెకరాలకు ఇప్పటికీ కాగితం లేదు.

ఆ తర్వాత నేను చెయ్యి ఆపలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు పక్కన నిలబడి ఉండేవారు, వాళ్ళ కళ్ళు నా వేళ్ళ మీద ఉండేవి. మంట పుడితే పళ్ళ బిగువున కొట్టేదాన్ని. అదొక ప్రాయశ్చిత్తం అనుకున్నాను కాబోలు. ఆమెకు దానివల్ల ఒరిగిందేమీ లేదు, నా చెయ్యి మాత్రం పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, బొటనవేలి కింద కండ కరిగిపోయాక ఆపరేషన్ చేయించుకున్నాను. భుజం ఎప్పుడో బిగుసుకుపోయింది. "చెప్పిన తర్వాత గూడ ఎందుకు ఆపలేదమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. ఆ ఏడు కాంట్రాక్టు మళ్ళీ ఇవ్వలేదు. వేళ్ళు పనిచేయని ఆపరేటరు ఎవరికి కావాలి?

పోయిన నెల ఏదో సర్టిఫికెట్ కోసం అదే ఆఫీసుకు వెళ్ళాను. నా చోట కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. అదే ఎత్తు బల్ల, అదే పొట్టి కుర్చీ, భుజాలు చెవుల దగ్గర. ఉండబట్టలేక చెప్పాను. కింద ఫైళ్ళు వేసుకొమ్మన్నాను, కాళ్ళు వేలాడితే ఇటుక పెట్టుకొమ్మన్నాను, మౌసు దగ్గరకు లాక్కొమ్మన్నాను, అరగంటకోసారి ఆపమన్నాను.

"ఆపితే లైన్ల ఉన్నోళ్లు ఊకుంటరా అక్కా?" అని నవ్వింది. సర్టిఫికెట్ తీసుకుని వచ్చేశాను.

మర్నాడు జడ వేయించుకుంటూ, ముసలామె సంగతి మొదటిసారి అమ్మకు చెప్పాను. ఇన్నేళ్ళూ నోరు రాలేదు. అమ్మ అంతా విన్నది.

"చెయ్యి దించిన అని చెప్పలేదానే?" అంది.

"ఆమెకు తెలుగు రాదమ్మా."

"చేత్తోటి కూసో అని చూపియ్యకపోయినవా? కూసునేది గద పిచ్చిదానా."

నాకు ఏడుపు ఆగలేదు. పందిరి కింద పదిమంది ఆడవాళ్ళు రోజుకు ఎన్నిసార్లు చెప్పారో ఆ మాట. వాళ్ళు లేవడమే చూశాను, చెప్పడం చెవికెక్కలేదు. అమ్మ ఓదార్చలేదు. జడ సగంలో ఉంది. కాసేపటికి ఆమె వేళ్ళు నా జుట్టులో ఆగాయి.

"చెయ్యి దించిన" అంది పైకే. వెనక ఆమె వేళ్ళు విదిలించుకుంటున్న చప్పుడు వినిపించింది. చెప్పింది కాబట్టి, నేను కదలకుండా కూర్చున్నాను.