ఏటి అవతలి కొండముచ్చులు

నైజాంలో గొడవల మూలాన కృష్ణలో మనుషుల్ని దాటించే పుట్టీలు ఆపేసిన ఏడాది అది. మాచర్ల బండిలో నా ఎదురుగా ఖాకీ నిక్కరు తొడుక్కున్న పెద్దమనిషి ఒకాయన కూర్చున్నాడు. ఒళ్ళో పటం పరుచుకుని, ఎక్కినవాళ్ళనల్లా మీ ఊరి పక్క కొండముచ్చులున్నాయా అని అడుగుతున్నాడు. ఏ అడవిలో ఏ కోతిజాతి ఉందో పటం మీద గుర్తులు పెట్టడం ఆయన పనంట.

"ఏందయ్యా, ఆంజనేయస్వామికి కూడా జనాభా లెక్కలా?" అని ఒక రైతు నవ్వాడు.

పటంలో కృష్ణకి ఇవతల చానా చోట్ల కొండముచ్చులున్న గుర్తుగా సున్నాలు చుట్టి ఉన్నాయి. అవతల, మా పుట్టింటి వైపు, ఒక్కటీ లేదు. నాకు ఒళ్ళు మండింది.

"అటు లేవనుకున్నారా? మా ఊరి గుట్ట నిండా అవే. మా అమ్మ పొద్దస్తమానం కర్ర పుచ్చుకుని ఇంటి కప్పు మీంచి అదిలిస్తానే ఉంటది," అన్నాను.

"మీరు చూసి ఎన్నాళ్ళయిందమ్మా?"

నేను వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకోసాగాను. ఆయన ఊరి పేరడిగి, అక్కడ ప్రశ్నగుర్తు పెట్టాడు. కళ్ళారా చూశాకే సున్నా చుడతాడంట.

"పుట్టీలు తిరగ్గానే వెళ్ళి చూస్తాను," అన్నాడు.

"వెళితే మా అమ్మని కూడా చూసి రండయ్యా."

ఆయన నవ్వలేదు. ఆ గుర్తు పక్కనే ఇంకో ప్రశ్నగుర్తు పెట్టాడు.

పుట్టీలు తిరిగాక ఆయన వెళ్ళాడో లేదో గానీ, నేను వెళ్ళాను. కొండముచ్చులున్నాయి. మా ఇంటి కప్పు మీదే తీరిగ్గా కూర్చుని ఉన్నాయి. అదిలించే మనిషి లేదు.