కూర్చునే జట్టులో వాసిల్

చీటీ విప్పితే వాసిల్ హ్రిచుక్‌కి ‘కూర్చునే జట్టు’ వచ్చింది. ఆయన మొహం చూడలేకపోయాను.

విన్నిపెగ్ నుంచి మా కెనడా పల్లెకు వచ్చిన డాక్టరమ్మ చర్చి హాల్లో మొదలుపెట్టిన పరిశోధన అది. ఒంట్లో కొవ్వు ఊరికే పడుండే సరుకు కాదట, రక్తంలోకి హార్మోన్లు వదులుతుందట. పొట్ట పెరిగేకొద్దీ అందులో అడిపోనెక్టిన్ అనే మంచిది తగ్గుతుంది, లెప్టిన్ పెరిగిపోతుంది, ఇన్సులిన్ చెప్పిన మాట ఒళ్ళు వినదు. బరువులెత్తితే మళ్ళీ దారికొస్తుందేమో చూడాలి. వారానికి మూడు రోజుల చొప్పున పన్నెండు వారాలు సగంమంది ఎత్తాలి. మిగతావాళ్ళు ఎప్పటిలాగే ఇంట్లో ఉండాలి, వాళ్ళ వంతు తర్వాత. రక్తం తీసే నర్సును నేనే.

“పన్నెండు వారాలు ఇంట్లో కూర్చోవాలా? మా ఆవిడ ఓల్గా పోయిన నాలుగేళ్ళనుంచీ నేను చేస్తున్నది అదేగా డార్కా!” అని నవ్వాడు.

“తర్వాతి జట్టు మీదే బాబాయ్, కాస్త ఓపిక పట్టండి” అన్నాను. నా మొహం! ఓపిక గురించి ఆయనకా నేను చెప్పేది?

పొలం అమ్మేశాక ఆయనకు వెళ్ళడానికి చోటు లేదు. మా వైపు ముసలి రైతులంతా అంతే, పని లేనిదే ఎవరి గడపా తొక్కరు. టీకి పిలిస్తే, “ఏం, ట్రాక్టరు ఆగిపోయిందా?” అంటారు. బరువుల జట్టయితే ఆయనకు ఒక పని దొరికేది.

ఆ చలికాలమంతా హాలు కిటికీ ఎదురుగా ఆయన ట్రక్కు కనిపించేది. పక్క పోస్టాఫీసుకు ఉత్తరాల కోసం వచ్చాడనుకున్నాను.

పన్నెండో వారం రక్తం తీశాం. ఆయన బరువు ఒక్క పౌనూ తగ్గలేదు. మంచి హార్మోను మాత్రం ఎత్తినవాళ్ళందరికంటే ఎక్కువ పెరిగింది, ఇన్సులిన్ లెక్క మామూలుకొచ్చేసింది. “ఈయన కూర్చోలేదు” అంది డాక్టరమ్మ.

వాళ్ళింటికి వెళ్తే నేలమాళిగలో ఉన్నాడు, ఒక్కో చేత్తో గోధుమలు నింపిన తేనె డబ్బా పట్టుకుని.

“ఇదేం దొంగపని బాబాయ్?”

“కిటికీలోంచి చూసొచ్చి చేసేవాణ్ణి. ఎత్తే జట్టులో స్టెఫానియా పదిసార్లు ఎత్తితే నేనూ పది. ఆవిడ ఆగి నవ్వితే నేనూ ఆగేవాణ్ణి. మీ మధ్యకొచ్చేసరికి వెనకబడకూడదు కదమ్మాయ్!”

నాకు ఏడుపొచ్చింది. కానీ చెప్పక తప్పలేదు. “మీ రక్తం బాగుపడింది బాబాయ్. ఒంట్లో జబ్బుంటేనే రెండో జట్టులోకి తీసుకుంటారట. మీకిక చోటు లేదు.” రూలట రూలు! “అయినా రండి, మాతో టీ తాగుదురుగాని.”

“పనేం లేకుండానా?” డబ్బాలు మెల్లగా కింద పెట్టి మెట్టు మీద కూలబడ్డాడు.

“ఈ డబ్బాలు ముట్టుకోవడం మానేస్తే, జబ్బు మళ్ళీ రావడానికి ఎన్ని వారాలు పడుతుందమ్మాయ్?” అన్నాడు.

హాస్యానికన్నాడేమోనని మొహంలోకి చూశాను. జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.