కొలవని పుట్టగొడుగులు

బవేరియా అడవి అంచున ఒక రైతు ఇంట్లో సెలవులకు దిగాం. నా భార్యకు అప్పుడు ఆరో నెల. అడవిలో ఏరుకొచ్చిన పుట్టగొడుగుల్లో సగం వేయించి, తను తినడం మొదలుపెట్టింది. అది చూసిన డెబ్బై ఏళ్ల ఇంటావిడ గబగబా వచ్చి నా భార్య ముందు నుంచి కంచం లాగేసింది.

ఆస్తులన్నీ పోయాక మా వంశానికి మిగిలింది మర్యాద ఒక్కటే. లేచి నిలబడి, నాకొచ్చిన జర్మన్‌లో అన్నాను: "మా ఇళ్లలో శత్రువు తింటున్నా కంచం తియ్యరు."

"కొలిపించారా వీటిని?" అందావిడ. "చెర్నోబిల్ అణు కేంద్రం పేలినప్పుడు ఆ విషం వానతో ఇక్కడ పడింది. పొలాలు తేరుకున్నాయి, అడవి మట్టి ఇంకా తేరుకోలేదు. ఆ ఏడాది మా ఆవుల పాలు నా చేతులతోనే పారబోశాను. తర్వాత కొలిచిన చీటీ చూపిస్తేనే జనం మళ్లీ కొన్నారు. చీటీ అడిగితే ఇక్కడ ఎవరికీ కోపం రాదు."

ఆవిడ మాటలు నా భార్యకు తెలుగులో చెప్పాను.

"ఏవండీ, నేను రెండు ముద్దలు తినేశాను. బేబీకి ఏమన్నా అవుతుందా?"

ఆ ప్రశ్న ఆవిడకు జర్మన్‌లో చెప్పాను.

"రెండు ముద్దలకేం కాదు," అంటూనే ఆవిడ మిగిలిన పచ్చి పుట్టగొడుగులు తీసుకుని పక్క ఊరి కొలత కేంద్రానికి కారులో వెళ్లింది. సాయంత్రందాకా నా భార్య పొట్ట మీద నుంచి చెయ్యి తీయలేదు.

ఆవిడ తిరిగొచ్చి బుట్ట, చీటీ నా చేతికిచ్చింది. "హద్దు కన్నా చాలా తక్కువ. వండుకోండి."

ఆ మాట తెలుగులో చెప్పగానే, "వండనా?" అంది నా భార్య.

చీటీలో అంకె నాలుగుసార్లు చదివాను. వండమని చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.