పక్కూరి బోర్డు

దాచుకోవడం దేనికి, నాకు పక్కూరి పంతులమ్మ మీద కుళ్లు. హాలియా దగ్గర మా ఊళ్లో నేను ఆడవాళ్లకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టిన రెండేళ్లకు, కాలువ అవతలి ఊళ్లో ఆమె మొదలుపెట్టింది. పాఠం ఎట్లా చెప్పాలో నా దగ్గర కూర్చునే నేర్చుకుంది. హైదరాబాదు కంపెనీ ఒకటి చేసే సాయం మాత్రం ముందు ఆమెకే వచ్చింది. కుర్చీలు, ఫ్యాన్లు, బస్సులో పోయేవాళ్లకు కూడా కనబడేలా ఆమె పేరుతో పెద్ద బోర్డు. మా దగ్గరేమో నాట్లు వేసి వచ్చినవాళ్లు యూరియా సంచులు పరుచుకుని కూర్చునేవారు. ఆ బోర్డు చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

చివరికి ఆ కంపెనీ సారు మా ఊరికీ వచ్చాడు. సాయం చేస్తారట, కానీ ఒక్కొక్కరివి రెండు ఫోటోలు కావాలట. చదువు రాకముందని వేలిముద్ర వేస్తూ ఒకటి, వచ్చాక అని సంతకం పెడుతూ ఒకటి.

"మావాళ్లకు సంతకం ఎప్పుడో వచ్చింది సార్," అన్నాను.

"ముద్ర ఊరికే ఫోటో కోసం మేడం. పక్కూళ్లో గట్లనే తీసినం."

పక్కూరు అనగానే నా బుద్ధి గడ్డి తింది. సరేనన్నాను. ఫోటోలు తీసి పంపమని సిరా ప్యాడు ఇచ్చి వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం గొర్లు కాసే అవ్వను ముందు పిలిచాను. మహిళా సంఘం పుస్తకంలో మొదటిసారి సంతకం పెట్టి, ఇక వేలిముద్ర వేసేది లేదని అందరి ముందు చెప్పిన మనిషి ఆమె.

"సంతకం వచ్చినంక మళ్ల ఏలెందుకు బిడ్డా?"

"జర ఫోటోకే అవ్వా. కుర్చీలొస్తయి, ఫ్యాన్లొస్తయి."

"నీ పేరుతోని బోర్డు గూడ వస్తదా?"

నేను ప్యాడు చేతిలోకి తీసుకున్నాను. ఆమె నా ముఖం వైపు కాసేపు చూసి బొటనవేలు చాపింది.

"నీకోసమైతే ఏస్త. పట్టు."

ప్యాడు మూత తీశాను. ఆ వేలు పట్టుకున్నాను కూడా. సిరాలో అద్దలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే సారుకు ఫోన్ చేసి మాకొద్దన్నాను.

దాంతో నా కుళ్లు పోయిందనుకోకండి. మొన్న అవ్వా నేనూ హాలియా పోతుంటే బస్సు సరిగ్గా ఆ బోర్డు ముందే ఆగింది. నేను ముఖం తిప్పుకున్నాను. అవ్వ కిటికీ దగ్గరికి జరిగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, బస్సంతా వినేలా బోర్డు మీది ఆ పంతులమ్మ పేరు చదివింది. నా వైపు తిరిగింది.

"సరిగ్గ చదివిన్నా బిడ్డా?"

"సరిగ్గనే చదివినవ్ అవ్వా," అనక తప్పలేదు.