మంచి డిస్కు ఎవరికి వేశారు?

మానవజాతి చరిత్రలో నిప్పు పుట్టిన రోజు ఎంత ముఖ్యమో, పై వాటా తోడల్లుడు బాల్కనీలో నిలబడి మెడ తిప్పే పొద్దుటి ఏడుంబావు కూడా అంతే ముఖ్యం. కనీసం కింది వాటాలో కాపురముంటున్న కటింగ్ మాస్టారి లెక్కలో. కుడికి ఒకసారి, ఎడమకి ఒకసారి, మళ్ళీ కుడికి. ఆ మూడు తిప్పులూ చూడందే మాస్టారు పళ్ళు తోముకోడు. చూశాక కాఫీ గొంతు దిగదు.

ఇద్దరూ అక్కచెల్లెళ్ళ మొగుళ్ళు. ఆర్నెల్ల కిందట, వారం తేడాలో, ఒకే డాక్టరు చేత మెడలో అరిగిన డిస్కు తీయించుకుని కొత్తది వేయించుకున్నారు. పోస్టాఫీసు గుమాస్తా అయిన పై వాటా పెద్దాయన నెల తిరక్కుండానే తనకి నయమైపోయిందని వీధంతా టముకు వేసుకున్నాడు. మాస్టారికి మాత్రం మెడ నుంచి కుడి బొటనవేలి దాకా ఇస్త్రీపెట్టె ఈడ్చినట్టు మంట. కత్తెర పట్టుకుంటే వేళ్ళు మొద్దుబారిపోతాయి.

"నరం చాలాకాలం నలిగింది కదండీ. కోలుకోడానికి ఏడాది పైనే పట్టొచ్చు, కొంత మిగిలిపోనూ వచ్చు. డిస్కు కుదురుగానే ఉంది, మళ్ళీ కొయ్యక్కర్లేదు" అన్నాడు డాక్టరు.

మాస్టారికి అందులో వైద్యం వినపడలేదు, పక్షపాతం వినపడింది. గుడ్డ తానులోంచి మంచి ముక్క తోడల్లుడికి కోసి, చివర మిగిలిన పీలిక తనకి అంటగట్టారని ఆయన గట్టి నమ్మకం. గుడ్డ కోసే మనిషికి అంతకంటే సహజమైన అనుమానం ఎక్కణ్ణుంచి వస్తుంది?

"సోమవారం వెళ్ళి మళ్ళీ ఆపరేషన్ చెయ్యమంటా. కాదంటే ఇంకో ఆస్పత్రికి పోతా" అని ప్రకటించాడు.

"అది మెడండీ, కాలరు కాదు, నచ్చకపోతే విప్పి కుట్టించుకోడానికి" అంది భార్య, కాజాలు కుడుతూ.

"మీ బావకి వేసిందే నాకూ వెయ్యమంటా."

శనివారం ఆ బావే గుడ్డ పట్టుకుని మాస్టారి దుకాణంలోకి దిగాడు.

"తమ్ముడూ, ఓ చొక్కా కుట్టాలి. గుండీలొద్దు, ప్రెస్ బటన్లు పెట్టు."

"ఏం, చంటిపిల్లాడివా అన్నయ్యా?"

"ఫ్యాషన్ రా! నీకేం తెలుసు?"

మాస్టారు కుళ్ళు దిగమింగుకుని టేపు తీశాడు. కొలతలు ఆయన పైకి చెబుతాడు, భార్య పుస్తకంలో రాస్తుంది. అయితే ఈ వృత్తికో మర్యాద ఉంది. బొజ్జ, గూని, వంకర ఏది కనపడినా నోరెత్తకూడదు. ఒక్క దగ్గు దగ్గితే చాలు, పుస్తకంలో చుక్క పడుతుంది.

ఛాతీ అయింది, నడుము అయింది. భుజం దగ్గర మాస్టారు దగ్గాడు. కుడి భుజం అర అంగుళం జారింది. దండచెయ్యి దగ్గర మళ్ళీ దగ్గాడు. ఎడమదానికంటే కుడిది అంగుళం సన్నం. భార్య పెన్ను ఆపి తలెత్తింది.

"అన్నయ్యా, గుండీలు పెట్టుకోలేకపోతున్నావా?" అన్నాడు మాస్టారు.

పెద్దాయన వీధివైపు చూశాడు. "మీ వదిన పెడుతోంది" అన్నాడు చివరికి.

"మరి పొద్దున్నే ఆ మెడ తిప్పుడేంటి?"

"మెడ బాగానే తిరుగుతుందిరా. తిరిగాక చూపుడువేలి దాకా నిప్పే. నువ్వు కింద నుంచి గుడ్లప్పగించి చూస్తుంటే తిప్పక చస్తానా? అయినా నీకేం, రాజావి. 'అబ్బా' అని ఓ కేక పెడితే మరదలు వేణ్ణీళ్ళ సంచితో పరిగెత్తుకొస్తుంది. నయమైపోయిందని వీధంతా చెప్పుకున్నవాణ్ణి, నేను ఏ మొహం పెట్టుకుని అరవను? నిన్ను చూస్తే కడుపు మండిపోతోంది."

తనని చూసి ఒకడు కుళ్ళుకోవడం మాస్టారి జీవితంలో అదే మొదలు. ఆర్నెల్లుగా ఏ మాత్రా ఇవ్వని హాయి ఒంట్లో పాకింది. దాన్ని పైకి కనపడనివ్వకుండా, "నాది బొటనవేలి దాకా" అన్నాడు హుందాగా.

"నాది నిద్రలో కూడా."

"నాకు నిద్రే లేదు."

"చాలించండి ఇద్దరూ" అంది భార్య. "సోమవారం సంగతేంటి?"

"సోమవారం పనుంది" అన్నాడు మాస్టారు సుద్ద అందుకుంటూ. "అన్నయ్య చొక్కా కొయ్యాలి."

ఆ మాట ఆయన మహా ఠీవిగా అన్నాడు. భార్య కళ్ళు తుడుచుకుంది.

చొక్కా కత్తిరించడం పావుగంట పని. మొద్దుబారిన ఆ వేళ్ళకి మూడు రోజులు పట్టింది.