రెండు దవడ పండ్లకు క్యాపులు

మా ఆయన ఎడ్ల బేరగాడు. అంగడిలో కోడె కింది పెదవి దించి చూశాడంటే చాలు, దాని వయసు చెప్పేస్తాడు. రెండు పండ్లదా, నాలుగు పండ్లదా అని ఆయనతో వాదించి గెలిచినవాడు మా ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో లేడు. అంత పేరున్న మనిషి నా పంటినొప్పికి చెప్పిన మందు మాత్రం ఒక్కటే.

"పీకేపియ్యి."

నాకు కుడివైపు దవడ పండ్లు రెండు పుచ్చిపోయాయి. ఏడాదిగా ఎడమవైపే నములుతున్నాను. లవంగం పెట్టాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, గోలీలు మింగాను. పండుగ జాకెట్లు కుడుతున్న రోజుల్లో ఒకసారి నొప్పి చెవిదాకా పాకి, ఒకామె జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టేశాను. ఇరవై ఏళ్ల నా కుట్టులో అలాంటి తప్పు ఎన్నడూ జరగలేదు. నొప్పి కంటే కోపమే ఎక్కువ వచ్చింది. మర్నాడే కామారెడ్డి బస్సెక్కాను. ఆయనా వెంట వచ్చాడు.

"ఎనుక పండ్లు ఎవ్వలు చూస్తరే? నవ్వితే గూడ కనవడయి," అన్నాడు బస్సులో.

"చూపెట్టనీకి కాదు, తిననీకి," అన్నాను.

డాక్టరమ్మ చిన్న వయసుది. ఓపిగ్గా చెప్పింది. పీకితే పంటికి ఐదు వందలు. వేరు శుభ్రం చేసి క్యాపు వేస్తే, లోహంది ఆరు వేలు, తెల్లది పది వేలు. తెల్లది గట్టిది, గ్యారంటీ కార్డు కూడా ఇస్తారట. "వేర్లు మంచిగనే ఉన్నయమ్మా, పీకుడెందుకు? తీసేస్తే పక్క పండ్లు గూడ ఒరుగుతయి," అంది.

పీకుడు అన్న మాట వింటే నాకు మా అమ్మ గుర్తొస్తుంది. యాభై నిండకముందే దవడ పండ్లన్నీ పీకించుకుంది. అందరూ తిని లేచాక ఒక్కతే కూర్చుని, రొట్టెను చాయలో నానబెట్టుకుని, కొంగు అడ్డం పెట్టుకుని తినేది. అడిగితే ఆకలి లేదనేది. నాకు ఆ తిండి వద్దు. ఎంతైనా సరే వద్దు.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన భుజం మీది తువ్వాల తీసి కుడిచేతి మీద కప్పుకుని, ఆ చేతిని డాక్టరమ్మ ముందుకు చాపాడు. ఎడ్ల అంగడిలో ధర నోటితో చెప్పరు. గుడ్డ కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని తేల్చుకుంటారు. పాపం ఆ పిల్లకు ఇదంతా ఏం తెలుసు?

"చెయ్యికేమైంది? దెబ్బ తాకిందా?" అంది కంగారుగా.

నొప్పి ఉన్నా నవ్వాగలేదు. సంగతి చెప్తే ఆమె కూడా నవ్వి, "ఈడ అందరికి ఒకటే రేటు, పెద్దనాయనా," అంది.

ఆయన చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది. నేనే నా చెయ్యి ఆ తువ్వాల కిందికి పోనిచ్చాను. ఆడవాళ్లు అంగడిలో బేరం చెయ్యరు గానీ, ఇన్నేళ్ల కాపురంలో ఆ లెక్కలు రాకుండా ఎలా ఉంటాయి? ఆయన నా వేలు ఒక్కటి పట్టుకున్నాడు. వెయ్యి, అంటే రెండూ పీకుడే. నేను ఆయన వేళ్లు ఐదూ పట్టి, వదిలి, మళ్లీ ఐదూ పట్టాను. పది వేలు. "ఒక్కో పంటికి," అన్నాను పైకి.

"సోయున్నదా నీకు? ఇరవై వేలకు ఆవుదూడ వస్తది!"

"తెచ్చుకో. రేపటి సంది దాన్నే రొట్టెలు చేసి పెట్టుమను."

బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. కుట్టు మిషనుకు మోటారు పెట్టిద్దామని దాచుకున్న పైసలున్నాయి. మోటారు లేకపోతే కాళ్లున్నాయి, తొక్కుతాను. పండ్లు లేకపోతే దేనితో నమలను? ఫోను తీసి అక్కడికక్కడే ఇరవై వేలు పంపేశాను.

మూడుసార్లు తిరిగితే పని అయింది. చివరి రోజు క్యాపులు బిగించి, కరిచి చూడమంది. పన్నుకు పన్ను సరిగ్గా తగిలింది. అద్దంలో ఎంతసేపు చూసుకున్నానో! మిగతావి దేవుడిచ్చినవి, ఈ రెండూ నా సంపాదనతో తెచ్చుకున్నవి. గర్వం కాకపోతే ఇంకేముంటుంది?

కుర్చీ దిగుతుంటే గుమ్మం దగ్గర మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నాది గూడ జర చూస్తవా?"

ఎక్కి నోరు తెరిచాడు. ఎడమవైపు దవడ పన్ను ఒకటి నల్లగా, సగానికి విరిగి ఉంది.

"ఎన్నొద్దులాయె?" అని అడిగాను.

"రెండేండ్లు."

రెండేళ్లు నేనే వడ్డించాను, నేనే ఎదురుగా కూర్చుని తిన్నాను. నాకు తెలియలేదు. సిగ్గేసింది.

"ఎందుకు చెప్పలే?"

"ఇద్దరికి ఏడికెల్లి తెస్తమని."

డాక్టరమ్మ చూసి, నిలుస్తుంది అంది. పీకాలా, క్యాపు వెయ్యాలా అని ఆయన్ని కాదు, నన్ను అడిగింది.

"తెల్లదే వెయ్యమ్మా," అన్నాను. "పైసలు నేనిస్త."