గెజిట్‌లో లేని తేదీ

జంపక్కది చర్ల దారిలో అడవి అంచు పల్లె. మూడెకరాల పోడు. తాత నరికిన చెట్ల మోళ్లు ఇంకా ఆ మట్టిలోనే ఉన్నాయి. పట్టా మాత్రం లేదు. ఏటా ఫారెస్టోళ్లు వచ్చి జొన్నచేలో పశువుల్ని తోలిపోయేవాళ్లు.

డెబ్బై ఎనిమిదిలో పోడుదారులకు పట్టాలిచ్చే బిల్లొకటి శాసనసభ ముందుకొచ్చింది. సభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపింది. కమిటీ భద్రాచలం గెస్ట్‌హౌస్‌లో దిగిందని విని, జంపక్క రెండు రోజులు నడిచివెళ్లి వాళ్ల ముందు నిలబడింది.

"భూమి నీదని రుజువేంటమ్మా?" అడిగాడో సభ్యుడు.

"మా తాత మోళ్లున్నయి దొరా. వచ్చి చూడుండ్రి."

నవ్వారు. భోజనాల వేళైంది, లేచారు. ఎవరూ రాలేదు.

ఏడాదికి బిల్లు మళ్లీ సభకెక్కింది. ఇల్లందు బొగ్గుబాయి కార్మికుడు, సంఘం మనిషి సారంగపాణి పాసులు సంపాదించి జంపక్కను హైదరాబాదు తీసుకుపోయాడు. పైన గ్యాలరీలో కూర్చున్నారు. కింద సగం కుర్చీలు ఖాళీ. క్లాజు తర్వాత క్లాజు చదువుకుంటూ పోయారు. చివర స్పీకరు, "అనుకూలంగా ఉన్నవారు 'అవును' అనండి" అన్నాడు.

జంపక్క లేచి నిలబడి "అవ్!" అని అరిచింది.

మార్షల్స్ రెక్క పట్టుకుని బయటికి లాగారు.

"గట్ల ఒర్రొద్దక్కా! అది వాళ్ల సభ, మనం చూడాలె గంతే" అన్నాడు సారంగపాణి.

"కూసున్నోళ్లందరు అవ్ అంటేనే గద తమ్మీ మాట నిలిచేది? మా ఊర్ల గంతే. నా భూమి మాట నడుస్తుంటే నేను నోరు మూసుకుంటనా?"

బిల్లు మాత్రం నెగ్గింది. ఆ కబురుతో ఆమె ఊరికొచ్చింది. పెద్దలు కూర్చుని మాట తేల్చాక దాపరికం ఉండకూడదన్నది వాళ్ల ఊరి ఆచారం. చుట్టుపక్కల వాళ్లను పిలిచి, వాళ్ల కళ్ల ముందు హద్దురాళ్లు పాతి, విత్తనాల పండుగ చెయ్యాలి. జంపక్క అట్లనే చేసింది. ఫారెస్టు బీట్ గార్డు చెంచురామయ్యను కూడా సాక్షిగా పిలిచింది. అతను వచ్చి, కోడికూర తిని, మూతి తుడుచుకుని, ఆ హద్దురాళ్లనే ఆక్రమణకు రుజువుగా చూపి కేసు రాశాడు.

కోర్టులో మేజిస్ట్రేటు చట్టం పుస్తకం తెరిచాడు. గవర్నరు సంతకం ఉంది. గెజిట్‌లో అచ్చయింది. కానీ మొదటి సెక్షన్‌లోనే ఒక వాక్యం: 'ప్రభుత్వం ప్రకటించే తేదీ నుంచి ఈ చట్టం అమల్లోకి వస్తుంది.' ఆ తేదీని ప్రభుత్వం ప్రకటించనేలేదు. పేదోడికి పనికొచ్చే చట్టాన్ని సభలో ఓడించనక్కర్లేదు. తేదీ వెయ్యకుండా ఊరుకుంటే చాలు.

"తేదీ ఎవలు చెప్పాలె దొరా?"

"ప్రభుత్వం."

"మరి గా దినం అవ్ అన్నోళ్లెవలు?"

మేజిస్ట్రేటు కలం అందుకున్నాడు. నాలుగు నెలల జైలు రాశాడు.

విడుదలై వచ్చేసరికి చేనంతా టేకు మొక్కలు. ఆమె పాతిన హద్దురాళ్లకే సున్నం కొట్టి ఫారెస్టు నంబర్లు వేశారు. సారంగపాణి సచివాలయానికి మూడుసార్లు పోయొచ్చాడు.

"ఫైలు నడుస్తున్నదంటరక్కా. మళ్ల కమిటీ ఏస్తరంట. భూమి చూసిపోతరంట."

"ఏం చూస్తరు తమ్మీ?" అంది జంపక్క.

టేకు గుంటలు తవ్వినప్పుడు తాత మోళ్లను వేళ్లతో సహా పెకిలించి ఫారెస్టోళ్లు గట్టు మీద కుప్పేసి పోయారు. వాటిల్లోంచి ఒకదాన్ని భుజానికెత్తుకుని, ఆమె పొయ్యిలోకి మోసుకుపోయింది.